పదవి మీద కన్ను అని రాసే ముందు

అమ్మా,

డల్లాస్ నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1989లో కొత్త అధ్యక్షుడు జార్జ్ బుష్ (సీనియర్) పేరు ఇచ్చిన మాజీ రిపబ్లికన్ సెనేటర్ జాన్ టవర్‌ని రక్షణ మంత్రి కానివ్వకుండా అమెరికా సెనేట్ ఆపేసిన కథని ఎంచుకోవడమే మంచి పని. వాక్యం కూడా తేటగా ఉంది. కానీ మూడో పేజీలో "వైట్‌హౌస్ మీద కన్నేసిన శామ్ నన్ టవర్‌ని బలి తీసుకున్నాడు" అని రాశావు చూడు, అక్కడ నాకు కోపం వచ్చింది. నువ్వు అడిగిన ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఆ ఒక్క వాక్యం గురించే రాస్తున్నాను.

కన్నేశాడని నీకెలా తెలుసు? డెమొక్రాట్, సెనేట్ సాయుధ దళాల కమిటీ అధ్యక్షుడు అయిన నన్‌కి 1992లో అధ్యక్ష పదవికి పోటీ చేసే ఆలోచన ఉందని అప్పట్లో వాషింగ్టన్‌లో అందరూ అనుకున్న మాట నిజం. ఆశ లేదని నేనూ అనను. కానీ ఆ మాట రాయగానే నీ వ్యాసంలో మిగతావన్నీ చచ్చిపోయాయి. టవర్ తాగుడు గురించిన ఆరోపణలు రెండు లైన్లలో ముగించావు. జెనీవాలో సోవియట్‌తో ఆయుధాల తగ్గింపు చర్చల్లో అమెరికా తరఫున కూర్చున్న మనిషి, అక్కడినుంచి బయటికొచ్చి ఆయుధ కంపెనీలకే సలహాదారుగా డబ్బు తీసుకున్నాడన్న విషయం అసలు లేదు. అణ్వాయుధాల విషయంలో అధ్యక్షుడి తర్వాత ఆదేశాల వరసలో ఉండేది రక్షణ మంత్రే, అలాంటి మనిషి ఏ వేళలోనైనా తెలివిలో ఉండాలి అన్నది నన్ వాదన. అది సరైనదా కాదా అని తేల్చాల్సింది నువ్వు. "వీడికి పదవి కావాలి" అనేశాక ఇంక తేల్చడానికి ఏం మిగులుతుంది?

నేను జిల్లా ఎడిషన్ డెస్క్‌లో పనిచేసిన రోజుల్లో ఒక మున్సిపాలిటీలో చైర్మన్ మీద అవిశ్వాసం పెట్టారు. ముందు నిలబడిన కౌన్సిలరమ్మ చెప్పిన కారణం ఒకటే: వేసవిలో మంచినీళ్ల ట్యాంకర్లు రాని వారాలకు కూడా బిల్లులు చెల్లించారు. వివరాలన్నీ అడిగి, రాసి ఇచ్చాను. తెల్లారి పేపర్లో "చైర్మన్ కుర్చీపై కన్ను" అని హెడ్డింగ్. ట్యాంకర్ల మాటే లేదు. మా ఇన్‌చార్జి తీసేశాడు. ఆవిడ బిల్లుల జిరాక్సులు సంచిలో పెట్టుకుని ఆఫీసుకి వస్తే ఆయన గది దాటి బయటికి రాలేదు. ఆ బిల్లుల గురించి ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గకూడదు కూడా. "తెర వెనుక", "అసలు కథ ఇదీ" అనే శీర్షికలు మన పత్రికలకు పట్టిన చీడ. టీవీ చర్చల్లో అయితే ఎవరు ఏం మాట్లాడినా "దీని వెనక వ్యూహం ఏంటి" అన్నదే ప్రశ్న. ఆ మాట నిజమా అబద్ధమా అని అడిగేవాడు లేడు.

అందుకే నాకొక పట్టుదల ఉంది, దాన్ని నీ మీద కూడా రుద్దుతాను. మనిషి ఏం చేశాడో రాయి. ఎందుకు చేశాడో పాఠకుడికి వదిలెయ్.

టవర్ కథలో చేసిన పనులే ఎంత ఉన్నాయో చూడు. ఆయన మీద సెనేట్ కమిటీ ముందు తాగుడు మాట బాహాటంగా ఎత్తింది నన్ కాదు, పాల్ వేరిచ్. ఆయన టవర్ పక్షం వాడే, పేరున్న కన్జర్వేటివ్. కమిటీలో 11-9తో పార్టీల వారీగా చీలిక. టవర్ టీవీలోకి వచ్చి, మంత్రినైతే చుక్క ముట్టనని మాట ఇచ్చాడు. మార్చి 9న పూర్తి సెనేట్‌లో 53-47తో ఓడిపోయాడు. కొత్త అధ్యక్షుడి మొదటి మంత్రివర్గంలోని పేరు అలా ఓడిపోవడం అమెరికా చరిత్రలో అదే మొదలు. రిపబ్లికన్లలో వ్యతిరేకంగా ఓటేసింది నాన్సీ కాసెబామ్ ఒక్కరే. ఆవిడ కన్ను ఏ కుర్చీ మీద ఉందంటావు?

అటువైపు, డెమొక్రాట్లలో టవర్‌కి ఓటేసిన ముగ్గురిలో క్రిస్ డాడ్ ఒకడు. 1967లో సెనేటర్‌గా ఉన్న ఆయన తండ్రిని సెనేట్ అభిశంసించినప్పుడు వద్దని ఓటేసిన అతి కొద్దిమందిలో టవర్ ఉన్నాడు. ఇరవై రెండేళ్ల తర్వాత కొడుకు ఓటు. ఇంత గొప్ప విషయం నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

ఆ తర్వాత రక్షణ మంత్రి పదవికి ప్రతినిధుల సభలోని రిపబ్లికన్ డిక్ చెనీ పేరు వచ్చింది. అదే సెనేట్, నన్ అధ్యక్షుడిగా ఉన్న అదే కమిటీ. 92-0తో ఆమోదించారు. బుష్‌ని దెబ్బతీయడమే పని అయితే చెనీని అంత తేలిగ్గా ఎందుకు వదిలారో నువ్వు ఆలోచించలేదు. ప్రతినిధుల సభలో చెనీ వదిలిన రిపబ్లికన్ విప్ పదవి న్యూట్ గింగ్రిచ్‌కి 87-85తో దక్కింది. ఆ రెండు ఓట్లు అమెరికా రాజకీయాన్ని ఎటు తిప్పాయో అది వేరే వ్యాసం, అదీ నువ్వే రాయొచ్చు. నన్ మాత్రం 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధానికి వ్యతిరేకంగా ఓటేశాడు. యుద్ధం త్వరగా గెలిచేసరికి ఆ ఓటు ఆయనకే ఎదురు తిరిగింది. 1992లో పోటీ చేయనే లేదు.

ఇంకో మాట. పదవి ఆశ ఉండటం నేరమన్నట్టు రాశావు. ఆ దేశ రాజ్యాంగం కోసం వాదించిన మాడిసన్ 1788లోనే, ఒకరి అధికార కాంక్షకు ఇంకొకరి అధికార కాంక్షే అడ్డు నిలవాలి అని రాశాడు. సెనేట్ ఆమోదం అనే ఏర్పాటులో ఆ ఆలోచనే ఉంది. మన దగ్గర ప్రధాని పేరు ఇస్తాడు, రాష్ట్రపతి నియమిస్తాడు, ప్రమాణ స్వీకారం అయిపోతుంది. మంత్రి కాబోయేవాణ్ని పార్లమెంటు ముందు కూర్చోబెట్టి ప్రశ్నించడం ఉండదు. కాబట్టి అనకాపల్లిలోనో జగిత్యాలలోనో నీ వ్యాసం చదివేవాళ్లకి అసలు ఆ విచారణ ఎలా జరుగుతుందో ముందు చెప్పాలి. మంత్రి కాబోయేవాడి మీద ఎఫ్‌బీఐ ఇచ్చిన నివేదికని కాపలా ఉన్న గదిలో సెనేటర్లు చదివి రావడం, దానిలో ఏముందో బయట చెప్పకూడకపోవడం, అయినా పుకార్లు పాకడం, ఇదంతా ఒక పేజీ అయినా రాయి.

మూడో పేజీ కొట్టేసి మళ్లీ పంపు. డాడ్ తండ్రీ కొడుకుల ముచ్చట మొదట్లోకి తీసుకురా. పత్రికకి నేరుగా పంపకు, ముందు నాకే పంపు.

ఆశీస్సులతో.