సెల్యులార్ సిమ్యులేషన్‌లో యూజర్లను అన్నిచోట్లా సమానంగా చల్లితే సరిపోతుందా?

మీ ఎం.టెక్ ప్రాజెక్టులో యూజర్లను మ్యాప్ మీద యూనిఫామ్‌గా చల్లుతున్నారు, నిజమైన నెట్‌వర్క్ అలా ఉండదని గైడ్ అంటున్నారు, మరి హాట్‌స్పాట్లు (జనం గుమిగూడే చోట్లు) ఎలా పెట్టాలి అని అడిగారు. మీ గైడ్ చెప్పింది నిజమే. నేను హైదరాబాద్‌లో రేడియో ఆప్టిమైజేషన్ పని చేస్తాను. ఒకచోట ఎంతమంది గుమిగూడారు అన్నదే చాలామంది చూస్తారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యం, ఆ గుంపు టవర్‌కి ఎంత దూరంలో ఉందన్నది.

లెక్క వేసి చూడండి. క్యారియర్ (సెల్ వాడే ఫ్రీక్వెన్సీ ముక్క) వెడల్పు 20 మెగాహెర్ట్జ్, ఒక గుంపు మొత్తం డిమాండ్ 20 ఎంబీపీఎస్ అనుకుందాం. టవర్ దగ్గర హెర్ట్జ్‌కి సెకనుకు 4 బిట్లు వెళ్తుంటే 80 ఎంబీపీఎస్ ఇవ్వొచ్చు, లోడ్ 25 శాతమే. అదే గుంపు సెల్ అంచున, 0.5 బిట్లు మాత్రమే వెళ్లే చోట ఉంటే 10 ఎంబీపీఎస్ మించి రాదు. లోడ్ 200 శాతం, సగం డిమాండే తీరుతుంది. జనం అంతే, డేటా అంతే.

గచ్చిబౌలి వైపు హాస్టళ్లు ఎక్కువున్న ఒక సెక్టార్‌లో (టవర్ ఒక దిక్కుకు కవర్ చేసే భాగం) ఇదే చూశాను. పగలంతా ఖాళీగా ఉండే సెల్‌లో రాత్రి భోజనాలయ్యాక పీఆర్‌బీలన్నీ (యూజర్లకు పంచే రేడియో వనరుల ముక్కలు) నిండిపోయేవి. యూజర్ల సంఖ్యలో పక్క సెక్టార్‌తో పెద్ద తేడా లేదు. టైమింగ్ అడ్వాన్స్ (టవర్ నుంచి ఫోన్ ఎంత దూరమో చెప్పే కొలత) హిస్టోగ్రామ్ తీస్తే విషయం తెలిసింది. ఎల్‌టీఈలో (4జీ) ఒక్కో స్టెప్ దాదాపు 78 మీటర్లు. శాంపిల్స్ 9, 10 స్టెప్పుల దగ్గరే కుప్పపడ్డాయి, అంటే 700 మీటర్ల అవతల, అదీ గోడల లోపల. యాంటెన్నా టిల్ట్ (వంపు) మారిస్తే లోడ్ కొంతే తగ్గింది. ఆ వీధిలో స్మాల్ సెల్ (చిన్న బేస్ స్టేషన్) పెట్టాకే రాత్రి లోడ్ దిగింది.

మోడల్ విషయానికొస్తే, థామస్ క్లస్టర్ ప్రాసెస్‌తో మొదలుపెట్టండి. హాట్‌స్పాట్ కేంద్రాలను పాయిసాన్‌గా (ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా యాదృచ్ఛికంగా) పెట్టి, వాటి చుట్టూ యూజర్లను గాసియన్‌గా (కేంద్రం దగ్గర దట్టంగా, దూరం పోయేకొద్దీ పలచగా) చల్లడమే. కొందరిని మాత్రం యూనిఫామ్‌గానే వదిలేయండి. 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ) రిపోర్టు టీఆర్ 36.814లోని 4బీ కాన్ఫిగరేషన్‌లో మూడింట రెండు వంతుల యూజర్లు 40 మీటర్ల వ్యాసార్థంలోని హాట్‌స్పాట్లలో ఉంటారు. పేపర్లతో పోల్చుకోవడానికి అది బాగుంటుంది. కానీ అందులో హాట్‌స్పాట్ మధ్యలోనే చిన్న బేస్ స్టేషన్ ఉంటుంది. బయట బేస్ స్టేషన్ పెట్టడానికి సైట్ దొరికేది ఎక్కడో, జనం ఉండేది ఎక్కడో. అందుకే ఆ రెండింటి మధ్య దూరాన్ని ఒక పారామీటర్‌గా పెట్టి మార్చి చూడండి.

నిజమైన డేటా కావాలంటే టెలికాం ఇటాలియా విడుదల చేసిన మిలాన్ నగర డేటా ఉంది. 2013 నవంబర్, డిసెంబర్ నెలలది, 235 మీటర్ల గళ్లలో, పది నిమిషాలకో విలువ. ఒక్కో గడి ట్రాఫిక్‌కి లాగ్ తీసి హిస్టోగ్రామ్ గీయండి, లాగ్‌నార్మల్ (లాగ్ తీస్తే గంట ఆకారంలోకి వచ్చే డిస్ట్రిబ్యూషన్) ఎంతవరకు సరిపోతుందో మీకే తెలుస్తుంది. అయితే ప్రతి గడికీ విడివిడిగా లాగ్‌నార్మల్ విలువ తీస్తే పక్కపక్క గళ్ల మధ్య సంబంధం పోతుంది, అది పోకుండా చూసుకోండి. ఆఫీసుల ఏరియాకి, ఇళ్ల ఏరియాకి పీక్ ఒకే గంటలో రాదు కాబట్టి రోజంతటికీ ఒకే మ్యాప్ వాడొద్దు.

రిజల్ట్స్‌లో సగటు త్రూపుట్‌తో (యూజర్‌కి అందే డేటా వేగం) ఆపకుండా అట్టడుగు 5 శాతం యూజర్ల త్రూపుట్ కూడా చూపించండి. హాట్‌స్పాట్‌ని అంచుకి జరిపినప్పుడు మొదట పడిపోయేది అదే.