పొదిగిన పిల్లల్లో పుంజు ఏదో, పెట్ట ఏదో ఎప్పుడు తెలుస్తుంది?

పదకొండు నాటు గుడ్లు పొదగేశారు, పిల్లలు ఎప్పుడు దిగుతాయి, వాటిలో పుంజులేవో ఎలా తెలుస్తుంది అని కదా అడిగారు. మామూలుగా 21వ రోజుకు దిగుతాయి, ఒక రోజు అటూ ఇటూ అయితే టెన్షన్ పడకండి, ఆలస్యమైందని పెంకు మీరే వలిచారంటే మాత్రం లోపలి పొర చిరిగి రక్తం కారి పిల్ల చచ్చిపోవచ్చు, దయచేసి ఆ పని చేయకండి. 7వ రోజు రాత్రి చీకట్లో ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి, సాలెగూడులా ఎర్రటి నాళాలు కనిపిస్తే పిల్ల ఎదుగుతున్నట్టే.

కోసుగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రటి దాంట్లో పెట్ట అని చాలామంది అంటారు, అది నిజం కాదు. నాటు పిల్లల్లో నూగు రంగు చూసి కూడా చెప్పలేం.

ఆరేడు వారాలకు పుంజుపిల్లల తురాయి ఎర్రబడి పెరుగుతుంది, కాళ్లు కూడా లావుగా ఉంటాయి. ఖాయంగా తెలిసేది మూడో నెల దాటాకే: మెడ మీద, నడుము మీద ఈకలు సన్నగా, మొనదేలి మెరుస్తుంటే పుంజు, చివర గుండ్రంగా ఉంటే పెట్ట.

రెండు పెట్టల పిల్లలు కలిసిపోతాయనుకుంటే కాలికి రంగు దారం వదులుగా కట్టండి, కానీ వారానికోసారి విప్పి మళ్లీ కట్టాలి, లేకపోతే కాలు లావెక్కి దారం కోసుకుపోతుంది.