సాక్షి సంతకం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అనంతపురంలోని ఆఫీసు భవనం అమ్మేసి, మీ సంఘం కాపాడుతున్న 40 ఎకరాల గుట్ట పొలాన్ని విడిగా ఒక ట్రస్టు పేర పెట్టాలనుకుంటున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్నాక రాత్రి రెండు దాకా నిద్ర పట్టలేదు. అందులో సగం సంతోషం. మిగతా సగం కోసమే ఈ ఉత్తరం.

భూమిని విడదీయడం మంచి ఆలోచనే. రేపు సంఘం అప్పుల్లో పడినా, ఎవరైనా కోర్టుకెక్కినా, జప్తు ముందుగా చూసేది ఆస్తినే. అమ్మకాలు, తాకట్టులు చూపే ఈసీ, రెవెన్యూ రికార్డుల్లోని అడంగల్, 1-బి, రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22-ఎ నిషేధిత జాబితా, హద్దురాళ్ళు, సర్వసభ్య సమావేశం తీర్మానం: ఇవన్నీ నీకు తెలుసు, చెప్పను. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా చెక్క ఒక్కటైనా కలిసి ఉందేమో మాత్రం వెతుకు. అలాంటి భూమి చేతులు మారకుండా తెచ్చిన 1977 నాటి చట్టం చిన్నదేమీ కాదు. సడలింపులు వచ్చాయని ఎవరైనా అంటే జీవో చూపించమను.

ఇక నేను చేసిన తప్పు. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

30 ఏళ్ళ కిందట మా చిన్న సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న పెద్దాయన తన 14 ఎకరాల మెట్ట మాకు ఇచ్చారు. ఇచ్చారంటే నోటితో. “మొక్కలు పెట్టుకోండి, ఇక అది సంఘానిదే” అన్నారు. వేప, కానుగ, నారవేప, ఉసిరి పెట్టాం. రెండు వేసవులు కుండలతో నీళ్ళు మోశాం. నాలుగో ఏడు బోద గడ్డి నడుమెత్తు లేచింది, కౌజు పిట్టలు కూయడం మొదలుపెట్టాయి. ఒక సాయంత్రం ఆయనే పిలిచి, తన తర్వాత పొలం సంఘానికే చెందాలని తెల్లకాగితం మీద రాసి సంతకం చేశారు. నా చేతిలో కలం ఉంది. “సాక్షులుగా మేమిద్దరం కూడా పెడతామండీ” అన్నాను. “మన మధ్య సాక్షులేమిటోయ్” అని నవ్వారు. పెద్దాయన మనసు నొచ్చుకుంటుందేమోనని కలానికి మూత పెట్టి జేబులో దోపుకున్నాను.

ఆయన పోయిన ఏడాదికి కొడుకులు వచ్చారు. చెడ్డవాళ్ళు కారు. ఒకరికి అప్పు, ఒకరికి కూతురి పెళ్ళి. లాయరు ఆ కాగితం చదివి తిరిగి నా చేతికే ఇచ్చాడు. దానమంటే రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులు కావాలి. వీలునామా అయితే తెల్లకాగితమైనా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ ఇద్దరు సాక్షులు తప్పవు. ఇది రెండూ కాదన్నాడు. ఆ సాయంత్రం నేనున్నాను, గుమ్మంలో బీడీ కాలుస్తూ మా కోశాధికారి ఉన్నాడు. సరిగ్గా ఇద్దరం.

పొక్లెయిన్ వచ్చిన రోజు నేను వెళ్ళలేదు. మీ అత్తయ్య వెళ్ళింది. పిందెలతో ఉన్న ఉసిరి కొమ్మ ఒకటి తెచ్చి వసారాలో పెట్టింది. నన్నేమీ అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

అందుకే నీకు చాదస్తంగా చెబుతున్నాను. ధర్మకర్తలు హోదాలోనే సంతకాలు చేయాలి, భూమి ఎవరి సొంత పేరా పడకూడదు, నీ పేర అసలే వద్దు. ఒకరు పోతే ఆ చోటికి ఎవరు ఎలా వస్తారో, ట్రస్టే మూతపడితే భూమి ఎటు పోతుందో రాయండి. కొత్త ట్రస్టుకు ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్ రాకముందే ఆస్తి బదిలీ చేయకండి. ధార్మిక సంస్థ ఆస్తి అలాంటి రిజిస్ట్రేషన్ లేని చోటికి పోతే పన్ను వేసే నిబంధన 2016లో వచ్చింది, ముందు ఆడిటరును అడగండి. అమెరికాలోలాగా భూమి వాడకాన్ని కట్టడి చేసే ‘ఈజ్‌మెంట్’ ఒప్పందం రాసుకుంటే చాలని మీ కమిటీలో ఎవరో అన్నారట. మన ఈజ్‌మెంట్ల చట్టం 1882 నాటిది, పక్క పొలానికి దారి, నీరు వంటి హక్కుల కోసం పుట్టింది. దాన్ని నమ్ముకుని పిట్టలను కాపాడలేరు.

దానికంటే వన్యప్రాణి చట్టంలోని కమ్యూనిటీ రిజర్వు గురించి అటవీ శాఖను అడుగు. 2002 సవరణతో వచ్చింది. సొంత భూమినైనా ఇష్టపడి అందులో పెట్టవచ్చు. ఆ తర్వాత నిర్వహణ కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా భూమి వాడకం మార్చలేరు. చెన్నేకొత్తపల్లి వైపు కల్పవల్లి కొండలు చూశావు కదా. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి మంటలార్పి పెంచిన పచ్చదనం అది. రికార్డులో మాత్రం రెవెన్యూ బంజరు. కాబట్టే గాలిమరలకు రోడ్లు వేసినప్పుడు ‘బంజరే కదా’ అన్నారు. ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది, నా భయాలన్నీ అక్కడి నుంచే వచ్చాయనుకో.

ఆఫీసు అమ్మిన డబ్బు సిబ్బంది జీతాలకు తగలేశారో, ఊరుకోను. కావలివాళ్ళ జీతానికి, వేసవికి ముందు మంట దాటకుండా గడ్డి చెక్కించడానికి విడిగా డిపాజిట్టు వేయండి. గొర్రెలవాళ్ళ దారి మూయకండి, నిప్పు అంటుకుంటే మీకంటే ముందు పరుగెత్తేది వాళ్ళే. నీ ఆరోగ్యం చూసుకో, కళ్ళకింద నల్లబడిందని మీ అమ్మ బాధపడుతోంది.

ఆదివారం దస్తావేజు చిత్తుప్రతి పట్టుకురా. మీ అత్తయ్య ఉగ్గాని చేస్తానంది. సాక్షుల చోట నాకొక గీత ఉంచు. ఈ వయసువాడు సాక్షిగా పనికిరాడని మీ లాయరు అంటే, ఇద్దరు కుర్రవాళ్ళ కింద మూడోవాడిగానైనా పెట్టించు. కలం నేనే తెచ్చుకుంటాను.

మీ మామయ్య