పదిహేడు పుస్తకాలు చదివినా తగ్గని చిరాకు

ప్రశ్న: నా వయస్సు 44. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. మా వారికి ఎరువుల కొట్టు ఉంది. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు, అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. మోకాళ్ళ నొప్పులతో బాధపడే అత్తగారు మాతోనే ఉంటారు. తెల్లవారుజామున 4.30కు లేచి రెండు క్యారియర్లు కట్టి, అత్తగారికి వేడినీళ్ళూ మందులూ చూసి, బస్సులో బడికి వెళ్ళి, సాయంత్రం వచ్చాక మళ్ళీ వంటలో పడతాను. ఈ మధ్య రాత్రి మూడింటికే మెలకువ వస్తోంది. ప్రతి చిన్న విషయానికీ విసుక్కుంటున్నాను. పోయిన నెలలో మా అమ్మాయి, "అమ్మా, నీకు ఫోన్ చేయాలంటే భయమేస్తోంది, ఎత్తగానే ఏదో ఒక బాధ చెబుతావు" అంది. విజయవాడ పుస్తక మహోత్సవంలో ఏటా కొన్నవి కలిపి నా దగ్గర 17 వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఉన్నాయి. చదివినప్పుడు రెండు రోజులు ఉత్సాహంగా ఉంటుంది, తరువాత మామూలే. మా అమ్మ కూడా ఇలాగే ఉండేది, ఇది నా స్వభావమేనేమో. సంతోషంగా ఉండడం నేర్పే మంచి పుస్తకాలు, అలవాట్లు చెప్పగలరా?

జవాబు: మీరు నన్ను పుస్తకాల పేర్లు అడిగారు. చెబుతాను, కాని రెండే చెబుతాను. అంతకంటే ముందు, మీ దినచర్యను మీరు ఒకే ఒక్క వాక్యంలో, ఎవరికైనా ఉండేదే కదా అన్నట్లు చెప్పి దాటిపోయిన తీరు నన్ను ఆపింది. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి రాత్రి వరకూ నిలబడే ఉండే మనిషి, అందులోనూ మూడింటికే మెలకువ వచ్చి ఇక నిద్రపట్టని మనిషి, చిన్న విషయానికి విసుక్కోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు. ఆ విసుగుకు మీరు "నా దృక్పథం బాగాలేదు" అని పేరు పెట్టుకుని, దాన్ని సరిదిద్దే పుస్తకం కోసం ఏటా వెతుకుతున్నారు. నాకు తోచినంతలో అందులో సగానికి పైగా అలసట. అలసటను ఏ పుస్తకమూ తగ్గించలేదు.

"తన సంతోషమె స్వర్గము, తన దుఃఖమె నరకమండ్రు" అన్న సుమతీ పద్యాన్ని తరగతిలో మీరు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. ఆ పద్యం మీద నాకు గౌరవం ఉంది, కాని దాన్ని ఇంట్లో ఆడవాళ్ళకు మాత్రమే ప్రత్యేకంగా వినిపించడం మీద నాకు అభ్యంతరం ఉంది. మనసు కుదురుగా ఉంటే బరువు తేలికగా తోస్తుందన్నది నిజమే అయినా, మోస్తున్న బిందెలు నాలుగైతే వాటిని రెండు చేయడం గురించి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

ఇక చేయవలసిన పనుల్లో మొదటిది పుస్తకాల షాపులో కాదు, రక్త పరీక్షల కేంద్రంలో ఉంది. మీ వయస్సులో నెలసరి ఆగిపోయే ముందు దశ మొదలవుతుంది. ఆ దశలో హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల తెల్లవారకముందే మెలకువ రావడం, ఒళ్ళు వేడెక్కడం, అకారణంగా చిరాకు కలగడం చాలామందిలో కనిపిస్తాయి. థైరాయిడ్ గ్రంథి మందగించినా, రక్తహీనత ఉన్నా, బీ12 విటమిన్ తక్కువైనా మనిషి నీరసంగా, దిగులుగా, ముభావంగా మారిపోవడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. అందువల్ల ఈ వారంలోనే మీకు తెలిసిన డాక్టరు గారిని కలిసి, నిద్ర గురించీ నెలసరి గురించీ దాచకుండా చెప్పి, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు అవసరమేమో అడగండి. మాత్రతో తగ్గే జబ్బును స్వభావలోపం అనుకుని ఏళ్ళ తరబడి తమను తాము తిట్టుకున్న వాళ్ళను నేను చూశాను.

పుస్తకాలు రెండు రోజులే పనిచేస్తున్నాయని రాశారు. దానికి కారణం మీలో కంటే ఆ పుస్తకాల్లోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. వాటిలో చాలా వరకు "నేను సంతోషంగా ఉన్నాను, నేను దేన్నైనా సాధించగలను" అని రోజూ అద్దం ముందు చెప్పుకోమంటాయి. 2009లో కెనడాకు చెందిన జోఆన్ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి సరిగ్గా ఇలాంటి వాక్యాల మీదే ఒక ప్రయోగం ప్రచురించారు. తమ మీద తమకు మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళకు ఆ వాక్యాలు కాస్త ఊతమిచ్చాయి, కాని తమను తాము తక్కువగా చూసుకునే వాళ్ళు వాటిని వల్లించిన తరువాత, వల్లించని తమలాంటి వాళ్ళ కంటే దిగాలుగా తయారయ్యారు. నమ్మకం లేని మాటను పెదవులు పలుకుతుంటే లోపలి మనసు "అబద్ధం" అంటూనే ఉంటుంది. కాబట్టి ఆ వాక్యాలను మీరు మానేసినా నష్టమేమీ లేదు.

నేను చెప్పే మొదటి పుస్తకం డేవిడ్ బర్న్స్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1980లో ప్రచురించిన "ఫీలింగ్ గుడ్". ఇంగ్లీషులోనిదే అయినా భాష సులువుగా ఉంటుంది. ఆరన్ బెక్ అనే వైద్యుడు 1960లలో రూపొందించిన చికిత్సాపద్ధతిని మామూలు పాఠకుడు ఇంట్లో కూర్చుని అభ్యాసం చేసేలా ఇది వివరిస్తుంది. దిగులుతో బాధపడుతున్న వాళ్ళకు ఈ పుస్తకాన్ని ఇచ్చి, కొన్ని వారాల పాటు చదివించి, ఫలితాన్ని కొలిచి చూసిన పరిశోధనలు ఉన్నాయి. షాపులో అమ్ముడుపోయే వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో ఇలాంటి పరీక్షకు నిలబడినవి తక్కువ, అందుకే దీన్ని ఎంచుకున్నాను. దీన్ని నవలలా చదవకండి. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఒళ్ళు మండిన క్షణంలో మనసులో మెదిలిన మాటను ఉన్నదున్నట్లు రాసి, అది ఎంతవరకు నిజమో పరిశీలించాలి. ఉదాహరణకు, మీ వారు కూర బాగాలేదన్నప్పుడు "ఈ ఇంట్లో నా కష్టం ఎవరికీ పట్టదు" అనిపించిందనుకోండి. ఒక కూరకూ మొత్తం ఇంటికీ మధ్య ఎంత దూరం దూకామో కాగితం మీద చూసినప్పుడే తెలుస్తుంది. విద్యార్థుల వ్యాసాలు దిద్దే మీకు ఈ పని కొత్త కాదు.

రెండవది వ్యక్తిత్వ వికాస గ్రంథమే కాదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి "అనుభవాలూ జ్ఞాపకాలూనూ". తెలుగు టీచరుగా మీరు ఎప్పుడో చదివే ఉంటారు, మళ్ళీ చదవండి. వేదశాస్త్రాల కుటుంబంలో పుట్టి, తెలుగులో రాయడాన్ని పెద్దలు చిన్నచూపు చూస్తుంటే, ఆ రాతనే బతుకు చేసుకున్న మనిషి తన కథను ఎక్కడా నీతి పాఠంగా మార్చకుండా చెబుతారు. సలహాలిచ్చే పుస్తకాన్ని చదువుతున్నంతసేపూ "నేనెందుకు ఇలా లేను" అన్న ప్రశ్న మన వెంటపడుతుంది, అదే మంచి ఆత్మకథ చదివినప్పుడు మనల్ని మనం కాసేపు మరచిపోతాము. దిగులుకు ఆ మరపు కూడా ఒక మందే. మిగిలిన 17 పుస్తకాలను బడి గ్రంథాలయానికి ఇవ్వవచ్చు, లేదా అటక ఎక్కించవచ్చు. వచ్చే మహోత్సవంలో ఆ వరుస స్టాళ్ళ వైపు వెళ్ళకుండా ఉంటే డబ్బు కూడా మిగులుతుంది.

అలవాట్ల విషయంలో మీకు ముందుగా ఒక అపోహ పోవాలి. 21 రోజుల్లో ఏ అలవాటైనా పాతుకుంటుందని చాలా పుస్తకాల్లో చదివి ఉంటారు. ఆ అంకెకు మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన ఒక పుస్తకం. శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్ళు మారిన తమ ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. నోటా నోటా "కనీసం" అన్న మాట రాలిపోయి, ముఖం సంగతి కూడా మరుగున పడి, అంకె ఒక్కటే మిగిలింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు 96 మందిని 12 వారాల పాటు గమనించి ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టీ పనిని బట్టీ అది 18 నుంచి 254 రోజుల వరకు ఉండవచ్చని లెక్కకట్టారు. అయ్యప్ప దీక్ష పట్టే 41 రోజులు కూడా చాలనివాళ్ళు అందులో ఎందరో ఉన్నారన్నమాట. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన వచ్చిన నష్టం ఏమీ లేదని కూడా తేలింది. మీలాంటి శ్రద్ధ గల మనిషి ఒక రోజు తప్పగానే "నా వల్ల కాదు" అని మొత్తం వదిలేస్తారు కాబట్టి ఈ చివరి మాట మీకు ముఖ్యం.

మీ కోసం ఒక్క అలవాటే ఎంచుతాను. రాత్రి పడుకునే ముందు, ఆ రోజు బాగా జరిగిన మూడు విషయాలు, అవి ఎందుకు అలా జరిగాయో ఒక్కొక్క వాక్యం చొప్పున రాయండి. మార్టిన్ సెలిగ్‌మన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన పరిశోధనలో ఒక్క వారం ఇలా రాసిన వాళ్ళలో ఆరు నెలల తరువాత కూడా దిగులు తగ్గి కనిపించింది. ఆ తరువాతి పరిశీలనలలో ఫలితం ప్రతిసారీ అంత బలంగా రాలేదు కాబట్టి దీన్ని మంత్రదండంగా భావించవద్దు. అయినా మీకు ఇదే ఎందుకు చెబుతున్నానంటే, మీ అమ్మాయికి ఫోన్‌లో చెప్పడానికి మీ దగ్గర వేరే సరుకు లేదు. రోజంతా మిమ్మల్ని గుచ్చినవే గుర్తుంటాయి, అవే నోటికి వస్తాయి. వెనక బెంచీ పిల్లవాడు పోతన పద్యాన్ని తప్పులేకుండా అప్పగించిన సంగతి మీకు ఆ రోజు నిజంగానే సంతోషాన్ని ఇచ్చి ఉంటుంది, కాని సాయంత్రం బస్సు ఆలస్యమైన చిరాకు దాన్ని తుడిచేస్తుంది. రాసి పెట్టుకుంటే అది మిగులుతుంది.

అలా అని బాధలను మింగమని నేను అనడం లేదు. వాటికి వేరే వేళ కేటాయించండి. రోజులో ఒక అరగంట, ఒకే చోట, చింతలన్నింటికీ కేటాయించి, మిగతా సమయంలో అవి వచ్చినప్పుడు "ఆరున్నరకు చూద్దాం" అని వాయిదా వేసే పద్ధతిని బోర్కోవెక్ అనే మనస్తత్వవేత్త బృందం 1983లోనే పరీక్షించి, ఆందోళన తగ్గుతుందని చూపింది. మీరు ఆ అరగంటలో మొదటి భాగం డాబా మీద నడుస్తూ గడపండి. నడక వల్ల రాత్రి నిద్ర కూడా మెరుగుపడుతుంది. రెండో భాగం మీ వారితో కూర్చుని గడపండి.

ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. అత్తగారి మందులు, వేడినీళ్ళు మీ ఉత్తరంలో మీ పనులుగానే ఉన్నాయి, ఆవిడ ఎవరి తల్లో ఆ ఉత్తరంలో ఎక్కడా కనిపించదు. గొడవగా కాకుండా, ఒక్క పనిని స్పష్టంగా పేరు పెట్టి అప్పగించండి. "నాకు ఎవరూ సాయం చేయరు" అంటే ఎదుటి మనిషికి చేయవలసిన పని ఏమిటో తెలియదు, నింద మాత్రమే వినిపిస్తుంది. అదే "రేపటి నుంచి ఉదయం అత్తయ్య మందులు, నెలకోసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం మీరు చూసుకోండి, కొట్టు తెరిచేలోపు అయిపోతుంది" అంటే కాదనడానికి కారణం దొరకదు. ఇంటర్ చదివే అబ్బాయి తన క్యారియర్ తాను కడిగి, రాత్రి బియ్యం కడిగి పెట్టడం వల్ల వాడి ర్యాంకు పోదు. మొదటి వారం మందులు అరగంట ఆలస్యమవుతాయి, గిన్నెకు జిడ్డు మిగులుతుంది. అప్పుడు ఆ పనిని తిరిగి లాక్కోకపోవడమే మీకు అన్నింటికంటే కష్టమైన అభ్యాసం కావచ్చు.

మీ అమ్మగారు కూడా ఇలాగే ఉండేవారని రాశారు. స్వభావంలో కొంత భాగం వంశపారంపర్యంగా వస్తుందని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి, అది కాదనను. కాని మీ అమ్మగారు కూడా తెల్లవారుజామునే లేచి ఉమ్మడి కుటుంబానికి వండి పెట్టిన మనిషే అయి ఉంటే, మీకు సంక్రమించినది స్వభావమా, ఆవిడ పనిభారమా అన్నది ఒకసారి ఆలోచించండి.

ఒక హెచ్చరిక చెప్పకపోతే నా బాధ్యత తీరదు. రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం రెండు వారాలకు మించి సాగినా, ఆకలి బాగా తగ్గినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, పుస్తకాలనూ అలవాట్లనూ పక్కన పెట్టి మానసిక వైద్యుడిని కలవాలి. ఆసుపత్రికి వెళ్ళడానికి సంకోచమైతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ అమ్మాయి మాట మిమ్మల్ని గాయపరిచింది. కాని ఆ మాట అనడానికి ఆ పిల్లకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో కూడా చూడండి, పట్టించుకోని కూతురైతే ఏమీ అనకుండా ఫోన్లు తగ్గించేసేది. ఈ ఆదివారం మీరే ఫోన్ చేయండి. నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని, ఆ వారం రాసినవాటిలో ఒకటి ముందు చెప్పి, ఆ తరువాత "నీకు ఈ వారం ఎలా గడిచింది" అని అడిగి, జవాబు పూర్తయ్యే వరకు మధ్యలో మాట్లాడకుండా వినండి. రక్త పరీక్షకు వెళ్తున్నానని కూడా చెప్పండి, ఆ సంగతి మీ అమ్మాయికి తెలియాలి. రిపోర్టులు వచ్చాక నాకు మళ్ళీ రాయండి, మందుల బాధ్యత మీ వారు ఎన్ని రోజులు నిలబెట్టుకున్నారో కూడా ఆ ఉత్తరంలో తెలియజేయండి.