చల్లని కప్పు కోసం ఇంత అప్పా?

ప్రశ్న: మాది ఖమ్మం. మేడ మీది గదులు వేసవిలో కొలిమిలా ఉంటున్నాయి. స్లాబు అడుగున అల్యూమినియం ఫాయిల్ అంటించి, దానికి ఆనించి ఫాల్స్ సీలింగ్ వేస్తే కరెంటు బిల్లు సగమవుతుందని కాంట్రాక్టరు అంటున్నారు. ఖర్చు రూ.1.60 లక్షలు. ఒక యాప్ 24 శాతం వడ్డీకి మూడేళ్ల అప్పు ఇస్తోంది. జీతం రూ.46,000. ఇంటి రుణ వాయిదాతో కలిపి ఖర్చులు రూ.35,000. బ్యాంకులో రూ.38,000 ఉన్నాయి. వేసవి బిల్లు నెలకు రూ.3,800. అప్పు తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఈ అప్పుకు నెలవారీ వాయిదా సుమారు రూ.6,280. మీ బిల్లు సగం కాదు, సున్నా అయినా ఆ వాయిదాకు చాలదు! మూడేళ్లలో వడ్డీయే రూ.66,000 కడతారు. బిల్లు తగ్గించుకోవడానికి అప్పు చేసేవారు ఈ చిన్న కూడిక కూడా వేయరు. ప్రతి ఎండాకాలం నాకు ఇలాంటి ఉత్తరాలే వస్తాయి.

పైగా ఆ పని కూడా తప్పే. ఫాయిల్ వేడిని వెనక్కి కొట్టాలంటే దాని మెరిసే వైపున గాలి ఖాళీ ఉండాలి. స్లాబుకూ సీలింగుకూ మధ్య నొక్కిపెడితే అది మామూలు లోహపు రేకే, వేడిని తిన్నగా కిందికి దించుతుంది. వాలు కప్పు కింద అటక ఉండే అమెరికా ఇళ్లలో సరిగ్గా బిగించినా, వేడి ప్రాంతాల్లో ఏసీ ఖర్చు తగ్గేది 5 నుంచి 10 శాతమేనని అక్కడి ఇంధన శాఖే చెబుతోంది. డాబా పైన తెల్లని కూల్ రూఫ్ రంగు వేయిస్తే ఎండ స్లాబులోకి దిగకముందే వెనక్కి పోతుంది. ఖర్చు ఇందులో చిన్న భాగమే, మీ మిగులులోంచే పెట్టుకోవచ్చు.

నా అసలు భయం ఆ రూ.38,000 గురించి. ఉద్యోగం పోతే అవి ఐదు వారాలు కూడా రావు. ఆరు నెలల ఖర్చులకు రూ.2.10 లక్షలు కావాలి. నెలకు రూ.8,000 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 22 నెలల్లో చేరుకుంటారు. అప్పటిదాకా ఫాల్స్ సీలింగ్ మాటే వద్దు. ఆరోగ్య బీమా సంగతి మీరు రాయలేదు, లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

రంగు వేయించే ముందు స్లాబు పగుళ్లు పూడ్పించండి. వానలకు కారితే ఆ మరమ్మతు కూడా ఈ నిధి మీదే పడుతుంది.