పిస్టల్ సఫాయి గురించి మేనల్లుడికి

చి. రవికి,

మామయ్య ఆశీస్సులు. బందరులో పోలీసు డ్యూటీలో చేరావనీ, గ్లాక్ 17 చేతికొచ్చిందనీ మీ అమ్మ చెప్పింది. వారానికోసారి విప్పి తోమాలా, ఏడాదికోసారి ఫైరింగ్ అయ్యాక తోమితే చాలా అని అడిగావట. ఫోన్‌లో తేలే మాట కాదు కాబట్టి రాస్తున్నాను.

నేను ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, ఉన్నన్నాళ్ళూ బెల్ ఆఫ్ ఆర్మ్స్‌కి (ఆయుధాల గదికి) మొరాయించి వచ్చిన పిస్టళ్ళలో మురికి పట్టినవాటికంటే ఆయిల్‌లో ఊరినవే ఎక్కువ. ఆయిల్ దుమ్మునీ, మందు మసినీ పట్టుకుని జిగురు ముద్దలా తయారవుతుంది. గ్లాక్‌కి మొత్తం మీద నాలుగైదు చుక్కలు చాలు. స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) లోపలి గాడులకి తలా ఒకటి, బారెల్ పైన కొంచెం పూత, ట్రిగ్గర్ బార్ వెనక కొన కనెక్టర్ అనే చిన్న రేకుకి రాసుకునే చోట ఒక్క చుక్క. ఆ చివరిదాన్నే అందరూ మర్చిపోతారు.

ఎప్పుడు చెయ్యాలన్నది క్యాలెండర్‌ని బట్టి కాదు, పిస్టల్‌కి ఏం జరిగిందన్నదాన్ని బట్టి. ఫైర్ చేశావా, ఆ రోజే. వానలో తడిసిందా, ఎండలో బందోబస్తు చేసి నడుం దగ్గర చెమటకి నానిందా, ఆ రాత్రే. ఏమీ జరక్కపోయినా నెలకోసారి విప్పి చూడు, హోల్‌స్టర్ నూలుపోగులూ దుమ్మూ చేరుతూనే ఉంటాయి. మీది ఉప్పుగాలి ఊరు కాబట్టి వారానికోసారి ఆయిల్ అంటిన గుడ్డతో పైపైన తుడువు. గ్లాక్ స్లైడ్ తొందరగా తుప్పు పట్టదు గానీ స్ప్రింగులకీ చిన్న చిన్న ఇనుప ముక్కలకీ ఆ ధీమా లేదు. రాత్రిళ్ళు తోలు హోల్‌స్టర్‌లోనే ఉంచేయకు, తోలు తేమని వదలదు.

ఫైరింగ్ అయ్యాక వరసగా మూడు రోజులు మరిగే నీళ్ళు పోసి కడగాలని పాత హెడ్డుగార్లు ఎవరైనా చెప్తారు. వాళ్ళు చెప్పేది ఊరికే కాదు. పాత .303 రైఫిల్ తూటాల ప్రైమర్‌లో (అడుగున దెబ్బకి నిప్పు పుట్టించే మందులో) పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక బారెల్‌లో ఉప్పు మిగిలేది, ఉప్పు ఆయిల్‌కి కరగదు, నీళ్ళకే కరుగుతుంది. ఇప్పుడొచ్చే 9 ఎం.ఎం. తూటాలకి మామూలుగా ఆ బాధ లేదు. వాళ్ళతో వాదించకు, నీళ్ళు మాత్రం పోయకు.

ఇక అసలు సంగతి. గ్లాక్‌ని విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సిందే, దాని తయారీయే అంత. అందుకే సఫాయి వేళ గుండు పేలడమన్నది దీనితో సులువు. ముందు మ్యాగజైన్ తియ్యి. ఆ తర్వాతే స్లైడ్ లాగు. తిరగేసి చేశావంటే ఒక తూటా బయటికొస్తుంది, ఇంకోటి మ్యాగజైన్‌లోంచి లోపలికెళ్ళి కూర్చుంటుంది, నువ్వేమో ఖాళీ అనుకుంటావు. స్లైడ్ వెనక ఆపి చాంబర్‌లోకి (బారెల్ వెనక తూటా కూర్చునే చోటులోకి) చూడు, చిటికెన వేలు పెట్టి తడుము. తూటాలన్నీ పక్క గదిలో పెట్టిరా. అప్పుడు ఇసుక బకెట్ వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కు. చూసేవాళ్ళు నవ్వితే నవ్వనీ.

బారెల్‌ని చాంబర్ వైపు నుంచే తోము, మూతి అంచు అరిగితే గురి చెడుతుంది. సాల్వెంట్ (మసిని కరిగించే ద్రవం) పట్టించి పది నిమిషాలు వదిలి, కంచు బ్రష్ నాలుగుసార్లు తిప్పి, చిందీ (గుడ్డముక్క) లాగు. చిందీ మల్లెపువ్వులా తెల్లగా రావాలని గంటలు కూర్చునేవాళ్ళున్నారు, అదంతా చాదస్తం. వెలుతురుకి పెట్టి చూస్తే బారెల్ లోపలి గాడులు శుభ్రంగా కనిపిస్తే చాలు. ఆ ఓపికేదో తూటా వెనక భాగం ఆనే చోటా, కాలిన తూటా తొడుగుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కిందా పెట్టు, మసి గట్టిపడేది అక్కడే. పాత టూత్‌బ్రష్‌తో తోమేటప్పుడు స్లైడ్ మూతి కిందికి వంచి పట్టుకో, లేకపోతే సాల్వెంట్ ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ని కొట్టే సూది) రంధ్రంలోకి దిగుతుంది. ఆ దారి ఎప్పుడూ పొడిగానే ఉండాలి. మ్యాగజైన్ లోపల కూడా పొడి గుడ్డే. తూటాలకి ఆయిల్ తగలనివ్వకు, ప్రైమర్‌లోకి దిగితే మందు చచ్చిపోవచ్చు. కొబ్బరినూనె రాసేవాళ్ళని కూడా చూశాను, చలికాలంలో అది పేరుకుంటుందని వాళ్ళకి వేరే చెప్పాలా!

అంతకు మించి విప్పకు. ఫైరింగ్ పిన్, ట్రిగ్గర్ భాగాలు ఏడాదికోసారి ఆర్మరర్ చూసుకుంటాడు. వీడియో చూసి స్క్రూడ్రైవర్ పట్టుకునే సబ్ ఇన్‌స్పెక్టర్లంటే మాకు హడలు.

స్టేషన్‌లో పాత .38 రివాల్వర్ ఏదైనా ఉంటే సిలిండర్ తెరిచి ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద చూడు. కాలని మందు పలుకులు రెండు అక్కడ ఇరుక్కున్నా సిలిండర్ బిగుసుకుపోతుంది.

బిగించాక నాలుగుసార్లు స్లైడ్ లాగి, మళ్ళీ ఖాళీ చూసుకుని, ట్రిగ్గర్ పనిచేస్తోందో లేదో సరిచూడు. చాంబర్‌లో తూటా పెట్టుకుని తిరిగే అలవాటుంటే ఇంకోటి గుర్తుంచుకో: తీసిన తూటానే మళ్ళీ మళ్ళీ చాంబర్‌లోకి పంపితే దాని బుల్లెట్ కేసులోకి (తూటా తొడుగులోకి) నొక్కుకుపోయి, పేల్చినప్పుడు ప్రెషర్ పెరుగుతుంది. పక్కనున్న కొత్త తూటాతో పొడవు పోల్చు. పొట్టిదైతే వాడకు, ఆర్మరర్‌కి అప్పజెప్పు.

పనయ్యాక సబ్బుతో, చన్నీళ్ళతో చేతులు కడుక్కున్నాకే పాపని ఎత్తుకో, ఆ మసిలో సీసం ఉంటుంది. ఆ టూత్‌బ్రష్‌ని మాత్రం బాత్రూం స్టాండులో పెట్టకు.

మీ మామయ్య