రాష్ట్రంలో చక్రం తిప్పిన నాయకుడిని ఢిల్లీ పంపి పార్లమెంటు కమిటీ ఛైర్మన్‌ని చేస్తే, అది పక్కన పెట్టడమేనా?

కాదనే నా సమాధానం. పీవీ నరసింహారావు గారినే తీసుకోండి. ఆయన ముఖ్యమంత్రిగా, ప్రధానిగా అందరికీ గుర్తే. మధ్యలో 1978-79లో, ప్రభుత్వ ఖర్చుల లెక్కలు పరిశీలించే పార్లమెంటు ప్రజా పద్దుల కమిటీకి, అంటే పీఏసీకి, ఛైర్మన్‌గా చేశారన్న సంగతి మాత్రం మన తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు.

1957 నుంచి మంథనిలో వరసగా నాలుగుసార్లు గెలిచారు. న్యాయం, దేవాదాయం, వైద్యం, విద్య, ఇన్ని శాఖలు చూసి 1971 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. భూసంస్కరణల మీద పట్టుబట్టారు. తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఆంధ్రను విడదీయాలని జై ఆంధ్ర ఉద్యమం లేచింది, 1973 జనవరిలో పదవి పోయింది. 1977లో హనుమకొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకు 41 కాంగ్రెస్సే గెలిచినా ఢిల్లీలో జనతా ప్రభుత్వం వచ్చింది. ఇరవై ఏళ్లు అధికార పక్షంలో ఉన్న మనిషి ప్రతిపక్షంలో కూర్చోవాల్సి వచ్చింది. పీఏసీ పగ్గాలు ప్రతిపక్షానికి ఇవ్వడం 1967లో స్వతంత్ర పార్టీ నేత మినూ మసానీతో మొదలైన ఆనవాయితీ. కాంగ్రెస్ నేత సి.ఎం. స్టీఫెన్ తర్వాత ఆ కుర్చీ పీవీ గారికి వచ్చింది.

ఆ కుర్చీ విలువ నాకు సచివాలయంలో సెక్షన్ ఆఫీసరుగా పనిచేసినప్పుడు అర్థమైంది. అసెంబ్లీ పీఏసీ మీటింగ్ అంటే చాలు, ఆడిట్ పేరాలకు, అంటే లెక్కల తనిఖీలో తేలిన అభ్యంతరాలకు, రిప్లైలు రాసుకుని, ఫైళ్లలో స్లిప్పులు పెట్టుకుని మా సెక్రటరీ గారి వెనక వరసలో కూర్చునేవాళ్లం. ఛైర్మన్ పక్కన అకౌంటెంట్ జనరల్ ఆఫీసు వాళ్లుండేవారు. ఓసారి ఛైర్మన్ గారు, ఆయన అంతకుముందు మంత్రిగా చేసినవారు, మా రిప్లై పూర్తిగా చదవనే లేదు. ‘మార్చి 31న డ్రా చేసి పీడీ ఖాతాలో వేశారు. ఖర్చయిందని ఎలా రాశారు?’ అని ఒకే ప్రశ్న వేశారు. సెక్రటరీ గారు వెనక్కి తిరిగి మా వైపు చూశారు. పీడీ ఖాతా అంటే ఖర్చు చేయని డబ్బు శాఖ పేరిట నిలవ ఉంచుకునే ఖాతా. నిధులు మురిగిపోకుండా ఏడాది చివర్లో అలా సర్దడం శాఖల్లో మామూలే. తాను మంత్రిగా ఉండగా ఇలాంటి ఫైళ్ల మీద సంతకాలు పెట్టిన మనిషి కాబట్టే ఆయన నేరుగా అక్కడే పట్టుకున్నారు. ఆడిట్ నివేదిక ఒక్కటే చదివి వచ్చిన సభ్యుడికి ఆ ప్రశ్న తట్టదు.

పీవీ గారిని నేను చూడలేదు, ఆ మీటింగుల్లోనూ లేను. కానీ అన్ని శాఖలు నడిపి, ముఖ్యమంత్రిగా బడ్జెట్లు చూసిన మనిషి ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రాసిన పేరాలు ముందేసుకుని కేంద్ర కార్యదర్శులను ప్రశ్నించే చోట కూర్చోవడం చిన్న విషయం కాదు. కమిటీలో 22 మంది ఉంటారు: లోక్‌సభ నుంచి 15, రాజ్యసభ నుంచి 7. మంత్రులకు చోటు లేదు. ఢిల్లీలో ఏ మంత్రిత్వశాఖ డబ్బు ఎక్కడ, ఎందుకు ఆగుతుందో కొత్తగా వచ్చిన ఎంపీకి తెలియడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించదు. 1980 జనవరిలో ఆయన నేరుగా విదేశాంగ మంత్రి అయ్యారు.

దీనికి రెండో వైపూ ఉంది. ఛైర్మన్ చేతిలో నిధులుండవు, బదిలీలుండవు, పైరవీలకు వచ్చే జనముండరు. సిఫార్సులను ప్రభుత్వం ఒప్పుకుని తీరాలనీ లేదు, ఏం చర్య తీసుకుందో ఆరు నెలల్లో చెబితే చాలు. అనుచరులతో ఇల్లు కళకళలాడాలనుకునే నాయకుడికి ఇది శిక్షలాగే ఉంటుంది. ‘పక్కన పెట్టారు’ అనే మాట అక్కడి నుంచే పుట్టింది.

ఇంకొకటి చెప్పాలి. మంత్రిత్వశాఖల పనిని పరిశీలించే పార్లమెంటు కమిటీలు, అంటే శాఖలవారీ స్థాయీ సంఘాలు, పదిహేడు ఏర్పడింది 1993లో, పీవీ గారు ప్రధానిగా ఉన్నప్పుడే. అదంతా ఆయన ఘనతేనని నేను అనను, అది సభ తీసుకున్న నిర్ణయం. అయితే ఆయన ప్రధాని అయిన మొదట్లో పీఏసీ ఛైర్మన్‌గా ఉన్నది వాజ్‌పేయి గారు. ఆ ఇద్దరూ ప్రధాని పదవిలోనూ, ప్రధాని ప్రభుత్వాన్ని ప్రశ్నించే పదవిలోనూ కూర్చున్నారు.

ఓపిక ఉంటే పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఆరో లోక్‌సభ (1977-79) నాటి పీఏసీ నివేదికలు వెతకండి. ముందుగా అధికారుల జవాబులున్న పేజీలు చదవండి.